తెరమీది సేద్యం

'వ్యసనం' అనే మాటను నేడు చెడ్డ అలవాటు అనే అర్థంలో వాడుతున్నాం. ఆ మాట పుట్టుకలో ఉన్న భావం ఇంకా లోతైనది. 'అస్' అనే ధాతువుకు విసరడమని అర్థం. దానికి 'వి' అనే ఉపసర్గ చేరితే దూరంగా విసరివేయడమనే భావం వస్తుంది. మనిషిని శ్రేయస్సుకు ఎడంగా విసరివేసేది కనుక అది వ్యసనమయిందని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో వివరించాడు. ఈ వివరణలో కర్త ఎవరో గమనించాలి. మనిషి వ్యసనాన్ని పట్టుకొంటాడని లోకం అనుకొంటుంది. వ్యసనమే మనిషిని ఎత్తి అవతల పారవేస్తుందని ఈ వ్యుత్పత్తి చెబుతున్నది. రాజులకు కూడవని పెద్దలు లెక్కించిన సప్తవ్యసనాలలో వేట, మద్యపానం, పరుషభాషణం వంటి వాటి నడుమ ఒక ఆట కూడ ఉంది. అది జూదం.

జూదరి మనస్సును లోపలి నుండి చూపిన అతిప్రాచీన రచన ఋగ్వేదం పదవ మండలంలోని 34వ సూక్తం. దీనినే అక్షసూక్తమంటారు. దేవతాస్తుతులతో నిండిన వేదంలో ఒక సామాన్యుడైన జూదరి తన గోడు తానే వెళ్లబోసుకోవడం విశేషం. అతనికి భార్య దూరమైంది. అత్తగారు అతణ్ణి చీదరించుకొంటున్నది. కన్నవారు, తోబుట్టువులు అతడెవరో తాము ఎరుగమంటున్నారు. ఇతరుల చక్కని కాపురాలను చూచి అతడు కుమిలిపోతాడు. ఇక ఆడకూడదని ఒట్టు పెట్టుకొంటాడు. ఆ నిశ్చయం ఎంతోసేపు నిలువదు. స్నేహితులు తనను విడిచి ఆటకు వెళ్లిపోవడం ఒకవైపు, దూరం నుండి పాచికల సవ్వడి మరొకవైపు అతణ్ణి లాగుతాయి. పాదాలు వాటంతట అవే జూదశాలకు దారి తీస్తాయి. తుదకు సవితృదేవుడు అతనికి హితవు చెప్పినట్లు సూక్తం ముగింపుకు వస్తుంది. ఆ హితవులో ప్రధానమైనది ఆట చాలించి సేద్యానికి మళ్లమనడం.

అంటే ఆ ఋషి దృష్టిలో వ్యవసాయం జూదానికి విరుగుడు. 2009వ సంవత్సరంలో ఆ విరుగుడే ఆటగా మారింది. కోట్లాది ప్రజలు కంప్యూటర్ తెరమీద దున్ని, విత్తి, కోత కోయడానికి నిద్ర మానుకొన్నారు. ఆ ఆట పేరు ఫార్మ్‌విల్.

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో మార్క్ పింకస్ 2007లో నెలకొల్పిన సంస్థ జింగా. అదే సంవత్సరం మే నెలలో ఫేస్‌బుక్ తన వేదికమీద ఇతరులు కూడ ఆటలు, ఉపకరణాలు నడుపుకోవడానికి తలుపులు తెరచింది. అంతకు ముందు కంప్యూటర్ ఆట ఆడాలంటే దుకాణంలో కొనాలి, యంత్రంలో ఎక్కించుకోవాలి, ఆడడం నేర్చుకోవాలి. ఫేస్‌బుక్‌లో ఆ శ్రమ ఏదీ లేదు. స్నేహితుడు పిలిచాడు, నొక్కారు, పొలం వచ్చింది. అంతే. జింగా ఈ సౌలభ్యాన్ని ఆధారం చేసుకొని 2009 జూన్‌లో ఫార్మ్‌విల్‌ను విడుదల చేసింది. ఆలోచన పూర్తిగా దానిదే కాదు. షాంఘైలో 2008లో తయారైన హ్యాపీ ఫార్మ్ అనే ఆట అప్పటికే చైనాను ఊపివేసింది. అందులో పొరుగువాడి పొలంలోని కూరగాయలను దొంగిలించే వెసులుబాటు కూడ ఉండేది. పక్కవాడి పంట పక్వానికి వచ్చే వేళకు నడిరేయి గడియారంలో అలారం పెట్టుకొని లేచి దొంగతనానికి బయలుదేరిన పెద్దమనుషులు ఆ దేశంలో ఎందరో ఉన్నారు. ఫార్మ్‌విల్ దొంగతనాన్ని తీసివేసి దాని స్థానంలో సహాయాన్ని పెట్టింది. పైకి ఇది సంస్కారవంతమైన మార్పుగానే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉందని ముందు ముందు తేలుతుంది.

2010 తొలి మాసాల నాటికి నెలకు 8 కోట్లకు పైగా జనం ఫార్మ్‌విల్ ఆడుతున్నారు. ఈ సంఖ్య ఎంతటిదో తెలియడానికి ఒక పోలిక చాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనసంఖ్య సుమారు 8 కోట్ల 46 లక్షలు. ఒక రాష్ట్రానికి రాష్ట్రం, చంటిపిల్లలతో సహా, ఒకే ఆటలో కూర్చున్నట్లు లెక్క.

ఆట స్వరూపం చాల సులభం. ఆటగాడికి కొద్దిపాటి భూమి, కొన్ని నాణేలు ఇస్తారు. మడిని నొక్కితే దుక్కి అవుతుంది. మళ్లీ నొక్కితే విత్తనం పడుతుంది. పంట పండిన తరువాత ఇంకొకసారి నొక్కితే కోత పూర్తయి నాణేలు చేతికి వస్తాయి. వాటితో మరిన్ని విత్తనాలు, కంచెలు, పశువులు, కొట్టాలు కొనుక్కోవచ్చు. ఇందులో ఓడిపోవడం లేదు. నైపుణ్యం చూపవలసిన అవసరమూ లేదు. చదరంగం నేర్చిన వానికి, నేర్వని వానికి తేడా ఉంటుంది. ఇక్కడ పండితుడూ పామరుడూ ఒకే విధంగా నొక్కుతారు. ఇంతటి చప్పని ఆట కోట్లమందిని ఎలా కట్టివేసిందన్నదే ఆలోచించవలసిన ప్రశ్న.

సమాధానం గడియారంలో ఉంది. ప్రతి పంటకూ ఒక వ్యవధి ఉంది. స్ట్రాబెర్రీ 4 గంటలలో పండుతుంది. గుమ్మడికి 8 గంటలు, వంకాయకు 2 రోజులు, గోధుమకు 3 రోజులు పడుతుంది. ఇవి తెరమీది గంటలు కావు, గోడ గడియారపు గంటలే. ఆటగాడు ఆడుతున్నా, నిద్రపోతున్నా, పరీక్ష రాస్తున్నా ఆ పంట పండుతూనే ఉంటుంది. పండిన తరువాత గడువులోగా కోయకపోతే వాడిపోతుంది. పెట్టిన పెట్టుబడి పోతుంది. సాధారణమైన ఆటను మనిషి తనకు తీరిక ఉన్నప్పుడు ఆడతాడు. ఇక్కడ ఆట తనకు వీలైన వేళ మనిషిని పిలుస్తుంది.

2010 నాటి ఒక ఇంజనీరింగు విద్యార్థినిని ఊహించుకొందాం. ఆమె సాయంకాలం 6 గంటలకు స్ట్రాబెర్రీ విత్తింది. రాత్రి 10 గంటలకు అది కోతకు వస్తుంది. పది గంటలకు కోసిన తరువాత ఖాళీ పొలాన్ని అట్లే వదిలి పడుకోవడానికి మనసొప్పదు. మళ్లీ స్ట్రాబెర్రీ వేస్తే తెల్లవారుజామున 2 గంటలకు లేవాలి. కనుక వివేకంతో గుమ్మడి విత్తుతుంది. అది ఉదయం 6 గంటలకు పండుతుంది. ఆమె అమ్మ సంతోషిస్తుంది, పిల్ల పెందలకడనే లేస్తున్నదని. ఆరు గంటలకు మళ్లీ ఏదో విత్తాలి. కళాశాలకు పోయే లోపల ఏ పంట పండుతుంది, ప్రయోగశాలలో ఉండగా ఏ పంట పండుతుంది అని లెక్క మొదలవుతుంది. ఆమె రోజుకు ఆడేది మొత్తం మీద గంటన్నర కావచ్చు. కాని ఆ గంటన్నర ఇరవై ముక్కలై దినమంతా పరచుకొంటుంది. మిగిలిన కాలంలో ఆమె కళ్లు పుస్తకం మీద ఉన్నా మనస్సులో ఒక మూల పొలం ఉంటుంది. రోజుకు ఎన్ని గంటలు ఆడుతున్నావని అడిగే తల్లిదండ్రులకు ఈ నష్టం లెక్కలోకి రాదు.

అసంపూర్ణమైన పని మనస్సును ఎలా పట్టుకొంటుందో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్త్వవేత్త 1927లో బెర్లిన్‌లో ప్రయోగపూర్వకంగా పరిశీలించింది. పూర్తిచేసిన పనులకంటె మధ్యలో ఆగిపోయిన పనులే ఎక్కువగా గుర్తుంటున్నాయని ఆమె గమనించింది. ఫార్మ్‌విల్ పొలం ఎన్నడూ పూర్తి కాదు. దాని ఏర్పాటే అట్లాంటిది. తెలుగువారి పల్లెలలో ఆడే వామనగుంటలకు ఒక ముగింపు ఉంది. గుంటలలోని గింజలు ఒకరివైతే ఆట అయిపోయినట్లే. పులి-మేక ఆటలో పులి కట్టుబడిపోతుంది, లేదా మేకలు అయిపోతాయి. ఆడేవారు లేచి పనులలోకి పోతారు. ముగింపు అనేది ఆటకు ఉండవలసిన ఒక మర్యాద. ఆ మర్యాదను తీసివేస్తే ఆట ఎక్కడ ఆగుతుందో ఆటకే తెలియదు.

గడియారం ఒక కొక్కెమైతే, స్నేహం రెండవది. ఫార్మ్‌విల్‌లో భూమి విస్తరించాలంటే పొరుగువారు కావాలి. పొరుగువారంటే ఫేస్‌బుక్‌లోని మిత్రులే. లేకపోతే నిజమైన డబ్బు చెల్లించాలి. మిత్రుని పొలానికి వెళ్లి ఎరువు చల్లవచ్చు. ప్రతిదినం చెట్టో, కోడో కానుకగా పంపవచ్చు. పంపేవారికి ఒక్క పైసా ఖర్చు లేదు. పుచ్చుకొన్నవారికి మాత్రం ఒక రుణం మిగులుతుంది. తెలుగు ఇళ్లలో పెళ్లినాడు ఒకరు పుస్తకం పట్టుకొని కూర్చొని ఎవరెంత చదివించారో వరుసగా రాస్తారు. ఆ చదివింపుల పుస్తకం పెళ్లితో మూతపడదు. చదివించినవారి ఇంట శుభకార్యం వచ్చినప్పుడు దాన్ని తెరచి చూచి అంతకు తగ్గకుండ చదివిస్తారు. బంధువర్గాన్ని శతాబ్దాలుగా కలిపి ఉంచిన ఈ ఇచ్చిపుచ్చుకోళ్ల ధర్మాన్ని ఆట తన అవసరానికి వాడుకొన్నది. పెళ్లిళ్లు ఏడాదికి నాలుగు వస్తాయి. ఫార్మ్‌విల్ కానుకలు రోజుకు నలభై వచ్చేవి. మేనమామ కూతురు పంపిన ఆరంజి చెట్టుకు బదులు పంపకపోతే ఏమనుకొంటుందో అన్న బిడియమే మరుసటి రోజు ఆటను తెరిపించేది.

ఇందులో తప్పిపోయిన జంతువుల ముచ్చట ఒకటి ఉంది. ఆటగాని పొలంలోకి అప్పుడప్పుడు ఒక దిక్కులేని గోధుమరంగు ఆవు, ఒంటరిదైన నల్ల గొర్రె, అందవికారమైన బాతుపిల్ల వచ్చి చేరేవి. దాన్ని అతడు తన పొలంలో ఉంచుకోవడానికి వీలులేదు. ఎవరైనా మిత్రుడు దయతలచి చేరదీయాలని ఫేస్‌బుక్‌లో ప్రకటన వేయాలి. ఎక్కడో ఒక కార్యాలయంలో ఎవరో గీసిన ఆవు బొమ్మమీద జాలిపడి, అసలు ఈ ఆట ఎరుగనివారు సైతం లోపలికి అడుగుపెట్టారు. లోభం చూపి జూదశాలకు పిలవడం పాతకాలపు పద్ధతి. ఇక్కడ కరుణ చూపి పిలిచారు.

అందుకే ఈ వ్యసనాన్ని అక్షసూక్తంలోని వ్యసనంతో పూర్తిగా సమానం చేయడానికి వీలులేదు. జూదరిని పట్టి ఉంచేది గెలుస్తానన్న ఆశ. ఫార్మ్‌విల్ ఆటగానిలో ఆ ఆశ కొద్దిపాటిదే. విత్తినదాన్ని వాడిపోనీయకూడదన్న బాధ్యత, పుచ్చుకొన్నదానికి బదులీయాలన్న మర్యాద, మొదలుపెట్టిన పనిని పూర్తిచేయాలన్న పట్టుదల అతణ్ణి ఎక్కువగా కట్టివేస్తాయి. ఇవన్నీ పెద్దలు మెచ్చే గుణాలే. సోమరిపోతు ఫార్మ్‌విల్‌లో ఎక్కువ కాలం నిలువడు, పంట ఎండిపోతే పోనీ అనుకొంటాడు. కష్టపడే స్వభావం కలవాడే చిక్కుకొంటాడు. ఆటలకు బానిసలయ్యేవారు బుద్ధిహీనులని, క్రమశిక్షణ లేనివారని తీర్పు చెప్పేవారు ఈ సంగతిని తప్పక గమనించాలి.

పదవిలో ఉన్న పెద్దలు కూడ ఇందుకు అతీతులు కారని 2010 మార్చిలో ఒక సంఘటన నిరూపించింది. బల్గేరియా దేశంలోని ప్లోవ్‌డివ్ నగరపాలక సభలో ఒక సభ్యుడు సమావేశాలు జరుగుతుండగా ఫార్మ్‌విల్ ఆవుల పాలు పితుకుతూ పట్టుబడ్డాడు. ఆయనను ఒక ఉపసంఘం నుండి తొలగించాలన్న తీర్మానం ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గింది. ఆయన చెప్పుకొన్న సమాధానం మరింత వింతైనది. సభలో ఆడేది తానొక్కడే కాదని, తాను ఇంకా 40వ లెవెల్‌లోనే ఉన్నానని, మరొక సభ్యుడు అప్పటికే 46వ లెవెల్‌కు చేరాడని ఆయన వాదించినట్లు వార్తలు వచ్చాయి. ఓటు వేసిన వారిలో ఎందరు తమ పంట సమయం చూచుకొని చేయి ఎత్తారో చరిత్రకు ఎక్కలేదు.

ఆ మరుసటి నెలలోనే బ్రిటన్ నుండి ఇంకొక వార్త వచ్చింది. ఇది నవ్వుకోదగినది కాదు. 12 ఏళ్ల బాలుడొకడు తాను దాచుకొన్న సొమ్మును, ఆపై తల్లి క్రెడిట్ కార్డును వాడి ఈ ఆటమీద 900 పౌండ్లకు పైగా ఖర్చుచేశాడు. ఆట ఉచితమే కదా, డబ్బు ఎక్కడిదని సందేహం కలుగవచ్చు. ఆడడానికి డబ్బు అక్కరలేదు, ఆగకుండ ఉండడానికి కావాలి. వాడిపోయిన పంటను మళ్లీ పచ్చగా చేయడానికి ఒక మందు ఉంది. పంటను తక్షణం పండించడానికి ఒక చిన్న విమానం ఉంది. ట్రాక్టరు నడపడానికి ఇంధనం ఉంది. ఇవన్నీ నిజమైన డబ్బుతో కొనవలసినవి. ఆట ముందు నిరీక్షణను సృష్టించి, తరువాత ఆ నిరీక్షణ నుండి విముక్తిని అమ్ముతుంది. డబ్బు చెల్లించినవారు కొద్దిమందే అయినా ఆ కొద్దిమందితోనే వ్యాపారం నడిచింది. 2011లో ఫేస్‌బుక్ మొత్తం ఆదాయంలో సుమారు 12 శాతం జింగా మూలంగా వచ్చినదే. ఆ డిసెంబరులో జింగా వాటాలు అమెరికా స్టాక్ మార్కెట్‌కు చేరాయి.

ఈ సందర్భంలో నిజమైన పొలంవైపు ఒకసారి చూడడం అప్రస్తుతం కాదు. గుంటూరు సీమలో మిరప నారు పోసిన రైతు కాయ కళ్లజూడడానికి నెలల తరబడి వేచి ఉండాలి. వరంగల్లు ప్రాంతంలో ప్రత్తి వేసిన రైతు మొదట వానకోసం, తరువాత వాన ఆగడం కోసం ఆకాశంవైపు చూస్తాడు. ఫార్మ్‌విల్ ప్రత్తి 3 రోజులలో పండుతుంది. అక్కడ గులాబీరంగు పురుగు లేదు, అప్పు లేదు, కల్తీ విత్తనం లేదు, తూకంలో కోత పెట్టే దళారి లేడు. విత్తినవానికి ఫలం తప్పక దక్కుతుంది, అదీ ముందే చెప్పిన ధరకు. శ్రమకు తగిన ఫలం నిశ్చయంగా లభించే లోకం కోసం మనిషి యుగాలుగా కలలు కంటున్నాడు. ఆఫీసులో ఎంత చేసినా మెప్పు దక్కని గుమాస్తాకు, ఏడాదంతా చదివినా ర్యాంకు వస్తుందో రాదో తెలియని విద్యార్థికి ఆ చిన్న పొలం అటువంటి లోకంగా తోచింది. ఈ ఆకర్షణను తేలికగా కొట్టిపారవేయడం న్యాయం కాదు.

ఇంతకూ మనిషి ఎంత చప్పని పనికైనా ఇట్లా కట్టుబడతాడా అన్న ప్రశ్నను ఒక అధ్యాపకుడు హాస్యంగా పరీక్షించాడు. అట్లాంటాలోని జార్జియా సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడైన ఇయాన్ బొగొస్ట్‌కు ఈ ఆటలంటే చిరాకు. 2010 జూలైలో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక సదస్సు కోసం ఆయన కౌ క్లికర్ అనే ఆటను తయారుచేశాడు. అందులో ఆటగానికి ఒక ఆవు బొమ్మ ఇస్తారు. దానిమీద ఒకసారి నొక్కవచ్చు. మళ్లీ నొక్కడానికి 6 గంటలు ఆగాలి. ఆగలేనివారు డబ్బు కట్టవచ్చు. మిత్రులను పచ్చికబయలుకు పిలిస్తే వారి నొక్కుడులోనూ వాటా వస్తుంది. ఇంతకు మించి ఆటలో ఏమీ లేదు. సామాజిక ఆటల సారమింతేనని ఎత్తిచూపడం ఆయన ఉద్దేశం. జనం ఆ పరిహాసాన్ని అర్థం చేసుకొని నవ్వుతారని ఎవరైనా అనుకొంటారు. వారు నవ్వారు, నవ్వుతూనే ఆడారు. ఒక దశలో ఆటగాళ్ల సంఖ్య 50,000 దాటింది. విసిగిపోయిన బొగొస్ట్ ఆవులకు ప్రళయం రానున్నదని ప్రకటించాడు. దానికి కూడ ఒక గడియారం పెట్టాడు. డబ్బు కట్టి ప్రళయాన్ని వాయిదా వేసినవారు ఉన్నారు. ఎట్టకేలకు 2011 సెప్టెంబరు 7న ఆవులన్నీ తెరమీద నుండి మాయమయ్యాయి. ఆవు నిలిచిన చోట ఖాళీ పచ్చిక మిగిలింది. కొందరు ఆ ఖాళీ చోటును నొక్కుతూనే ఉన్నారు.

ఈ ప్రవర్తనకు శాస్త్రంలో కొంత వివరణ ఉంది. అమెరికన్ మనస్తత్త్వవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ మీట నొక్కితే ఆహారం వచ్చే పెట్టెలలో ఎలుకలతోను, పావురాలతోను ప్రయోగాలు చేశాడు. చార్లెస్ ఫెర్‌స్టర్‌తో కలిసి ఆయన ఈ ఫలితాలను 1957లో గ్రంథంగా ప్రకటించాడు. ప్రతిసారీ ఆహారం వస్తే జీవి ఆకలి తీరగానే ఆగుతుంది. ఎన్నిసార్లకు ఒకసారి వస్తుందో తెలియనప్పుడు విడువకుండ పొడుస్తూనే ఉంటుంది. ఆహారం రావడం ఆగిపోయినా చాలసేపు మానదు. ఫార్మ్‌విల్‌లోని రహస్యపు కానుక పెట్టెలు, అనుకోకుండ దర్శనమిచ్చే జంతువులు ఇటువంటి అనిశ్చిత బహుమానాలే. స్కిన్నర్ పావురానికి చుట్టాలు పక్కాలు లేరు. మనిషికి ఉన్నారు కనుక పెట్టె మరికొంత బిగువుగా మూసుకొన్నది.

ఫార్మ్‌విల్ ప్రాభవం ఎక్కువ కాలం నిలువలేదు. పొలం ముచ్చట్లతో విసుగెత్తిన వారి ఫిర్యాదులమీద 2010లోనే ఫేస్‌బుక్ ఆట సందేశాలకు కళ్లెం వేసింది. జనం చేతులలోకి ఫోన్లు వచ్చాయి, ఆటలు అక్కడికి తరలిపోయాయి. ఫార్మ్‌విల్‌కు ఆధారమైన ఫ్లాష్ అనే సాంకేతిక విధానానికి దాని సంస్థ స్వస్తి చెప్పడంతో 2020 డిసెంబరు 31న ఆ ఆట మూతపడింది. పదకొండేళ్లుగా సాగుచేసిన పొలాలు ఆ ఒక్కరోజుతో లేకుండ పోయాయి. జింగా సంస్థను 2022లో టేక్-టూ అనే మరొక ఆటల సంస్థ కొన్నది. అయితే కొక్కేలు మాత్రం మిగిలే ఉన్నాయి. 2012లో ఫేస్‌బుక్‌లోనే మొదలై ఫోన్లకు చేరిన క్యాండీ క్రష్ సాగాలో ఆటగానికి 5 ప్రాణాలు ఉంటాయి. పోయిన ప్రాణం తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. ఆగలేకపోతే మిత్రుణ్ణి అడగాలి, లేదా కొనాలి. రోజూ వచ్చి తీసుకోవలసిన బహుమతి, ఒక్కరోజు తప్పితే తెగిపోయే వరుస, జట్టులోని వారు ఎదురుచూస్తున్నారన్న కబురు ఈనాటి ఫోన్ ఆటలలో ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి.

చట్టం ఈ చోటికి రాలేదు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టాన్ని ఆమోదించింది. అందులోనూ నిషేధం పందెపు ఆటలకే, పందెం లేని సామాజిక ఆటలకు కాదు. చట్టం సొమ్ము పోయినప్పుడు చూడగలదు. ప్రొద్దుపోకలో పోయిన ప్రొద్దును చూడలేదు. అది చూడవలసినది ఆడేవాడూ, అతని ఇంటివారూ.

ఎంత ఆడితే వ్యసనమవుతుందన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం గంటలతో సమాధానం చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండవ రోగ వర్గీకరణ పట్టికలో ఆటల రుగ్మతను చేర్చింది. ఆ పట్టికను 2019 మేలో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదించింది, 2022 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. ఆట ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో తన అదుపులో లేకపోవడం, ఇతర ఆసక్తులన్నింటినీ, నిత్యకృత్యాలను సైతం ఆట వెనుకకు నెట్టివేయడం, హాని జరుగుతున్నదని తెలిసికూడ కొనసాగించడం దాని లక్షణాలు. ఈ స్థితి వల్ల చదువు, ఉద్యోగం, కుటుంబ సంబంధాలు గణనీయంగా దెబ్బతిని ఉండాలి. సాధారణంగా ఇది ఏడాదిపాటు కనిపిస్తేనే రోగనిర్ణయం చేస్తారు. కనుక పరీక్షలైన తరువాత వారంరోజులు ఫోన్ వదలని పిల్లవాణ్ణి రోగి అనడం తొందరపాటు. ఆడేవారిలో చాల కొద్దిమందే ఈ స్థితికి చేరుతారు. చేరినవారిని తిట్టడం వల్ల, ఫోన్ పగలగొట్టడం వల్ల ప్రయోజనం లేదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2014లోనే ఇటువంటి వారికోసం షట్ అనే ప్రత్యేక చికిత్సాలయాన్ని ప్రారంభించింది. అక్కడికి వచ్చేవారు నేరస్థులుగా కాక, సలహా కోరి వచ్చినవారుగా కూర్చుంటారు.

ఇంకా ఆ స్థితికి రాక, ఆటలో కాలు ఇరుక్కొన్నట్లు తోచినవారికి ఉపయోగపడే కథ ఒకటి మహాభారతంలో ఉంది. అరణ్యపర్వంలో బృహదశ్వుడనే మహర్షి ధర్మరాజుకు నలుని కథ చెబుతాడు. నన్నయ భట్టారకుడు దానిని తెనిగించాడు. కలి ఆవేశించగా నలుడు పుష్కరునితో జూదమాడి రాజ్యం పోగొట్టుకొని, దమయంతిని అడవిలో విడిచి, బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుడనే రాజువద్ద సారథిగా చేరాడు. ఒకనాడు రథంమీద పోతూ ఋతుపర్ణుడు దారిలోని తాండ్రచెట్టును చూచి, దాని ఆకులు, కాయలు ఎన్నో చూపుతోనే లెక్క చెప్పాడు. నలుడు రథం ఆపి, చెట్టు నరికి లెక్కించి చూచాడు. లెక్క సరిపోయింది. ఆ చెట్టు ఏదో కాదు. పూర్వం పాచికలుగా వాడినవి తాండ్రకాయలే. నలుడు తన అశ్వవిద్యను ఇచ్చి, ఋతుపర్ణుని వద్ద అక్షహృదయమనే విద్యను గ్రహించాడు. అక్షహృదయమంటే పాచికల మర్మం తెలియడం. ఆ విద్య లోపలికి ప్రవేశించగానే అంతకాలం నలునిలో కాపురమున్న కలి విషం కక్కుతూ బయటికి వచ్చి తాండ్రచెట్టును ఆశ్రయించాడు. శాపం వల్ల కాదు, తపస్సు వల్ల కాదు, ఆట ఎలా నడుస్తుందో తెలిసినందువల్ల కలి వెళ్లిపోయాడన్నది ఈ కథలోని విశేషం.

పంట వాడిపోతుందన్న బెంగ కలిగిన క్షణంలోనే, ఆ వాడిపోయే గడువును ఎవరో ఒక బల్లముందు కూర్చొని నిర్ణయించారని గుర్తుకు వస్తే బెంగ కొంత సడలుతుంది. అప్పుడు చేయవలసినవి చిన్న పనులే. ఆట పంపే సందేశాలను ఫోన్‌లో ఆపివేయవచ్చు. అందులో దాచిన కార్డు సంఖ్యను తీసివేయవచ్చు. మేనమామ కూతురికి కానుక చెట్టు పంపే బదులు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. ఒక పంటను కావాలనే వాడిపోనిచ్చి ఏమవుతుందో చూడవచ్చు.

నలుడు దమయంతిని కలుసుకొన్న తరువాత నిషధకు తిరిగి వెళ్లి పుష్కరుణ్ణి మళ్లీ జూదానికి పిలిచాడు. ఒక్క పందెంతో రాజ్యమంతా తిరిగి గెలుచుకొన్నాడు. ఓడిన పుష్కరుణ్ణి శిక్షించలేదు, అతని భాగం అతనికి ఇచ్చి సాదరంగా అతని ఊరికి పంపివేశాడు. తరువాత పాచికలు పక్కకు పెట్టి రాజ్యపాలనకు లేచాడు.